మడిలో చేసిన రిపేరు

1969 మార్చి నెలాఖరులో నన్ను గుంటూరు వర్క్‌షాపు నుంచి నరసరావుపేట క్యాంపుకి వేశారు. హోదా జూనియర్ మెకానిక్కు. భూమిలో నీటి జాడ చూసే మీటర్లు చెడిపోతే బాగుచేసి మళ్ళీ ఫీల్డుకి పంపటం నా పని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ప్రొబేషను ఇంకా పూర్తికాలేదు. ఒంటి మీద మాత్రం ఎప్పుడూ ఇస్త్రీ నలగని టెర్లిన్ చొక్కా ఉండేది. ఈ మూడింటిలో ఇక్కడ ముఖ్యమైనది చొక్కా.

నాతో పనిచేసినవాళ్ళెవరైనా ఇది చదివితే, రత్నం చెప్పేదాంట్లో పాతికవంతు తరుగు తీసుకోమని మీకు చెబుతారు. యార్డులో పత్తికీ మిరపకీ తరుగు తీస్తారు, నా మాటలకి తీస్తే నాకేం కష్టం లేదు. తియ్యకూడని చోట నేనే చెబుతాను.

ముందు మీటరు సంగతి. అది నీళ్ళు ఎక్కడున్నాయో చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. చూపించదు. నేలలో నాలుగు ఇనప మేకులు వరసగా దిగగొడతాం. చివరి రెండింటి గుండా కరెంటు పంపి, మధ్య రెండింటి నడుమ ఎంత వోల్టేజి వచ్చిందో చూస్తాం. మేకుల మధ్య ఎడం పెంచేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. ఒట్టి బండలో కరెంటు తేలిగ్గా పోదు, నీళ్ళు పట్టిన బండలో పోతుంది. ఆ తేడా అంతా కాగితం మీద గీతగా వేసుకుని, జియోఫిజిసిస్టు ఒకచోట సున్నంతో గుర్తుపెట్టి సంతకం చేస్తాడు. అక్కడ బోరు దింపుతారు.

పల్నాడులో తంటా ఏమిటంటే, జానెడు మట్టి కింద నాపరాయి. ఎండాకాలం మేకు దిగటమే కష్టం, దిగినా తడి లేక నేలని గట్టిగా పట్టదు. అట్లాంటి చోట మధ్య మేకుల నుంచి వచ్చే ఆ కాస్త వోల్టేజిని పాత మీటరు తనే మింగేసి తప్పు అంకె చూపించేది. అందుకని ఆ ఏడు బయటి దేశం నుంచి కొత్త మీటరొకటి తెప్పించారు. అందులో వాల్వులు లేవు. మొదటి మెట్టులో మాస్‌ఫెట్ అనే కొత్త జాతి ట్రాన్సిస్టరు ఉంది. బఠాణీ గింజంత రేకు టోపీ, కింద నాలుగు కాళ్ళు. లోపల గాజులాంటి పొర ఒకటి, ఉల్లిపొర దాని ముందు దుప్పటి. ఆ పొర ఉండబట్టే అది నేల నుంచి వచ్చే వోల్టేజిని తాగకుండా చూడగలదు. ఆ పొర ఉండబట్టే దాని ప్రాణం గాలిలో దీపం. వంద వోల్టుల దెబ్బ తగిలితే పొరకి చిల్లు పడుతుంది. పొడి ఎండల్లో టెర్లిన్ చొక్కా వేసుకుని నాలుగడుగులు నడిచినవాడి ఒంట్లో వేల వోల్టులు పోగవుతాయి. ఆ కరెంటు మనిషిని ఏమీ చెయ్యదు, గొళ్ళెం పట్టుకుంటే చురుక్కుమంటుంది, అంతే. ఒంట్లో వోల్టులు పోగయ్యే ఈ సంగతి ఆ ఏడు ఏప్రిల్ దాకా నాకు తెలియదు.

మా క్యాంపు వర్క్‌షాపు అంటే సూరమ్మగారింట్లో వీధి వైపు రెండు గదులు. ఆవిడకి డెబ్బై ఏళ్ళు, భర్త కోర్టులో నాజరు ఉద్యోగం చేసి పోయారు. పెరట్లో బావి. ఆ వీధి మొత్తానికి ఎండాకాలం ఎండని బావి అదొక్కటే. బావి చుట్టూ ఆవిడ మడి సరిహద్దు. దండెం మీద తడిబట్టలు, గట్టు మీద రాగి బిందెలు. గదులూ వరండా వరకే మా రాజ్యం.

మా నాన్న గురజాల మిషన్ బడిలో పంతులు. మొదటిరోజే ఆవిడ మా వాళ్ళ సంగతి అడిగింది, నేను చెప్పాను. నేను వరండా దాటి గదిలోకి వెళ్ళగానే నా వెనకే దారి పొడుగునా నీళ్ళు చల్లింది. మర్నాడూ చల్లింది. ఆ తర్వాత అది ముగ్గు వేసినంత మామూలు పని అయిపోయింది. నాకు కోపం రాలేదని రాస్తే అది తరుగులో పోయే మాట. వచ్చింది. కాకపోతే ఆ ఎండల్లో తడి వరండా చల్లగా ఉండేది, కోపాన్ని పూటంతా నిలబెట్టుకోవటం కష్టమయ్యేది.

నా పైన ఛార్జ్‌మన్ సాంబశివరావుగారు. ఛార్జ్‌మన్ అంటే మెకానిక్కుకి పైన, ఫోర్‌మన్‌కి కింద. పని పాడైతే ఇద్దరి తిట్లూ తినే కుర్చీ. ఆయన వాల్వుల కాలం మనిషి, పెట్టె మీద చెయ్యి వేసి జబ్బు చెప్పగలడు. ట్రాన్సిస్టర్లంటే చిన్నచూపు. ఎర్రగా వెలగనిదాన్ని ఎట్లా నమ్ముతావురా అనేవాడు. ఆ పైన ఆఫీసరుగారు, అసిస్టెంట్ జియోఫిజిసిస్టు. ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాయన, తెలుగు ఇష్టంగా నేర్చుకుంటున్నాడు, ఇంకా రాలేదు.

బొల్లాపల్లి అవతల ఒక పల్లెలో అప్పుడు మా రిగ్గు లారీ ఉంది. రెండు బోర్లు వేస్తే రెండింట్లోనూ రాతిపిండి లేచింది. రెండు ఎండిపోతే మూడోది మీటరు చూసిన సంతకం లేకుండా వెయ్యకూడదని రూలు. శుక్రవారం సాయంత్రంలోగా సంతకం పడితే రిగ్గు ఉండి బోరు దించుతుంది. లేకపోతే శనివారం పొద్దున్నే వేరే జిల్లాకి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఏ ఏటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ పల్లె వాళ్ళకి నీళ్ళంటే చెరువు అడుగున మిగిలిన దొరువు గుంట. సరిగ్గా సోమవారం నాడు కొత్త మీటరు ముల్లు ఆ చివరికి పోయి అక్కడే కూర్చుంది. వడగాలిలో దాని మీది నైలాన్ ముసుగు సర్రున లాగారట. ఎందుకు పోయిందో అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మీటరు నా బల్ల మీదికి వచ్చింది. చెడింది మాస్‌ఫెట్టేనని గంటలో తేలింది. పెట్టెలో స్పేర్లు మూడు ఉన్నాయి, ఒక్కొక్కటీ వెండికాగితంలో చుట్టి. దాని నాలుగు కాళ్ళనీ కలిపి పట్టుకుని ఒక చిన్న లోహపు చుట్టు, ఆడవాళ్ళ కాలి మెట్టెలాగా. దారిలో కాళ్ళు వంగకుండా పెట్టిన ప్యాకింగు అనుకున్నాను. మంగళవారం పొద్దున దాన్ని వేళ్ళతో ఊడబెరికి, ట్రాన్సిస్టరుని అరచేతిలో వేసుకుని దొర్లించి చూసి, వరండా అరుగు మీద కూర్చున్న పుల్లయ్యకి కూడా చూపించాను. పుల్లయ్య ఆ పల్లె పెద్ద. మొదటి బస్సుకి వచ్చి, మీ పెట్టె పలికిందా అని అడిగి, ఆఖరి బస్సు దాకా అక్కడే కూర్చునేవాడు. నా అరచేతిలోకి వంగి చూసి, ఇంత పేలగింజకి మా ఊరంతా కాచుకొనుందా అన్నాడు. నేను నవ్వి, దాన్ని అతికించి, స్విచ్చి వేశాను. ముల్లు సోమవారం ఎక్కడుందో అక్కడికే పోయింది.

అప్పుడుగానీ పెట్టె అడుగున ఉన్న కాగితం చదవాలని మాకు తోచలేదు. ఇంగ్లీషులో ఉంది. ఆఫీసరుగారు చదివి, మా కోసం కష్టపడి తెలుగులో చెప్పారు. పనిచేసే మనిషి, బల్ల, పనిముట్టు, మీటరు అన్నీ ఒకటిగా ఉండాలట. కాళ్ళ చుట్టు అతికించటం అయ్యాకే తియ్యాలట. బయటిది ఏదీ తగలకూడదట.

సాంబశివరావుగారి ముఖం వెలిగింది. “అంటే మడి, సార్,” అన్నాడు.

మడి అంటే ఏమిటని ఆఫీసరుగారు అడిగారు. స్నానం చేసి, శుద్ధమైన బట్ట కట్టుకుని, ఎవర్నీ ఏదీ అంటుకోకుండా పని చెయ్యటమని ఈయన చెప్పాడు. ఆఫీసరుగారికి ఆ మాట ఎంతగానో నచ్చింది. కాగితం ముక్క అంతటికీ రెండక్షరాల తెలుగు దొరికిందని సంబరపడి, జాబ్ కార్డులో పని వివరం దగ్గర ఇంగ్లీషు లిపిలో ‘మడి’లో చేయవలెను అని రాసేశారు. కొన్నేళ్ళ తర్వాత పైఆఫీసు నుంచి, ఈ మడి ఏ రకం గ్రీజు, స్టోర్సులో ఎంత ఉంది అని ఉత్తరం వచ్చింది. దీంట్లో మీ తరుగు తీసుకోండి.

నా చేతి మీదుగా ఒకటి పోయింది కాబట్టి బుధవారం సాంబశివరావుగారే కూర్చున్నాడు. ఏ బట్ట కట్టుకోవాలన్నది కూడా ఆయనే తేల్చాడు. “నూలుబట్టకి అంటు పాకుతుంది, పట్టుకి పాకదు. ఉన్నికీ పాకదు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో చూస్తున్నదే కదరా,” అన్నాడు. స్నానం చేసి పట్టుపంచ కట్టి, చెక్కపీట మీద ఉన్ని ఆసనం వేసుకుని కూర్చున్నాడు. నన్ను గడప ఇవతలే నిలబెట్టి, ఆఫీసరుగారు తెలుగులో చెప్పగా రాసుకున్న మెట్లు ఒక్కొక్కటే పైకి చదవమన్నాడు. ఆయన చెయ్యి నా చెయ్యికన్నా పదిరెట్లు నయం. నాలుగు కాళ్ళూ ముత్యాల్లాగా అతికాయి. చుట్టు కూడా అలాగే ఉంచాడు. అంతా అయ్యాక ఆసనం మీద కాస్త సర్దుకుని, వంగి, చుట్టు తియ్యబోయాడు. చిటుక్కుమంది. గడప ఇవతల నాకు వినిపించింది.

ముల్లు ఆ చివరికి పోయింది.

ఆయన పంచ విప్పుతుంటే అది చిటచిటలాడుతూ ఒంటినే పట్టుకుంది. ఆయన ఛాతీ మీది వెంట్రుకలన్నీ లేచి నిలబడి నాకు సెల్యూట్ కొట్టాయి. ఇక్కడ సగం తరుగు తీసినా నేను ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఆయన అన్న మాటకి మాత్రం తరుగు లేదు. “ఒరేయ్ రత్నం, ఇంక ఒక్కటే ఉంది. దాని మీద నేను చెయ్యి వెయ్యను. వేస్తే ఆ అరుగు మీద కూర్చున్నాయన ముఖం చూడలేను.”

గురువారం ఏకాదశి. సూరమ్మగారు పొద్దున్నే గుడికి వెళ్ళింది. వరండాలో నీళ్ళు చల్లే దిక్కు లేదు. ఆ పూట నేను గది గొళ్ళెం పట్టుకున్నప్పుడల్లా అది కరిచింది. మొదటిసారి ఉలిక్కిపడ్డాను, మూడోసారికి ఆలోచన మొదలైంది. వచ్చిన కొత్తలో నరసరావుపేట గొళ్ళేలన్నీ నన్ను కరిచేవి, పోస్టాఫీసుదీ, హోటలుదీ, జీపు తలుపుదీ. ఈ ఇంటి గొళ్ళెం మాత్రం కరిచిన గుర్తు లేదు. వరండా ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి వెళ్ళి గొళ్ళెం పట్టుకోవటం, మళ్ళీ నడవటం, మళ్ళీ పట్టుకోవటం, ఇలా ఒక పదిసార్లు చేశాను. పదిసార్లూ కరిచింది. పుల్లయ్య అరుగు మీద నుంచి చూస్తూ, ఈ పిల్లోడికి ఎండదెబ్బ తగిలిందని నిశ్చయించుకున్నాడు.

ఆవిడ గుడి నుంచి రాగానే, మామ్మగారూ, ఇవాళ వరండాలో నీళ్ళు చల్లలేదు, కాస్త చల్లండి అని అడిగాను.

ఆవిడ కాళ్ళు కడుక్కుంటున్నదల్లా ఆగి నన్ను ఎగాదిగా చూసింది. “ఇన్నేళ్ళలో అడిగి మరీ చల్లించుకునేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానోయ్,” అంది.

చల్లింది. చెప్పులు విడిచి తడి రాళ్ళ మీద నడిచి వెళ్ళి గొళ్ళెం పట్టుకున్నాను. కరవలేదు. మళ్ళీ నడిచాను, మళ్ళీ కరవలేదు. ఒంట్లో పోగైనదంతా తడి రాళ్ళలోకి జారిపోతోంది. నా అంటు పోవాలని ఆవిడ చల్లుతున్న నీళ్ళు, ఆవిడకి తెలియకుండా, నిజంగానే నా అంటు తీస్తున్నాయి.

పరుగున వెళ్ళి ఆఫీసరుగారికి చెప్పాను. మనం దాన్ని దగ్గరికి రాకుండా ఆపాలని చూస్తున్నాం సార్, అది ఆగేది కాదు, కిందికి పోనివ్వాలి అన్నాను. పట్టుకీ ఉన్నికీ అంటు పాకదని సాంబశివరావుగారు చెప్పింది అక్షరాలా నిజమే. పాకదు కాబట్టే పోగై కూర్చుని, ఆయన వేలు దొరకగానే దూకింది. ఆఫీసరుగారు కాగితం మళ్ళీ చదివి నుదురు కొట్టుకున్నారు. అందులో ఉన్నది దూరంగా ఉండమని కాదు. అన్నిటినీ తీగతో కలిపి కట్టి, ఆ తీగని తడినేలకి ఇవ్వమని. తెలుగు చెయ్యటంలో అది తలకిందులైంది.

ఏప్రిల్‌లో నరసరావుపేటలో తడినేల ఎక్కడుంది? ఆ పాత ఇంటి కరెంటులో ఎర్త్ తీగే లేదు. వరండాలో చల్లిన నీళ్ళు కాలు మడిచి కూర్చునేలోపే ఆరిపోతాయి. ముగ్గురం ఒకేసారి పెరటి తలుపు వైపు చూశాం. బావిగట్టు, గిలక ఇనప స్తంభం, దాని కింద ఎప్పుడూ బురదగా ఉండే అరటి మొదలు. ఆవిణ్ణి ఎవరు అడగాలన్నది తేలలేదు. ఆఫీసరుగారు తనకి తెలుగు రాదన్నారు. సాంబశివరావుగారు తనకి తెలుగు వచ్చు కాబట్టే అడగనన్నారు. నేను అడగటం ఎట్లాగూ కుదరదు.

అడిగింది చివరికి ఎవరూ కాదు. పుల్లయ్య దాహమన్నాడు. సూరమ్మగారు చెంబుతో వచ్చి పైనుంచి అతని దోసిట్లో పోసింది. మూడు చెంబులు తాగాడు.

“చానా తియ్యగా ఉన్నయమ్మా మీ నీళ్ళు,” అన్నాడు మూతి తుడుచుకుంటూ.

“మీ ఊళ్ళో ఎట్లా ఉంటాయోయ్?”

అతని సంచిలో ఒక సీసా ఉండేది. ఆఫీసరుగారికి చూపించటానికి రోజూ తెచ్చేవాడు. దాన్ని తీసి అరుగు మీద పెట్టాడు. ఆవిడ ముట్టుకోలేదు, వంగి చూసింది. సీసా అడుగున మూడువేళ్ళ మందాన ఎర్రమట్టి పేరుకుని ఉంది.

“ఇదేమిటి, కదులుతోంది?”

“పురుగమ్మా. కోకముక్క అడ్డమేసి వడకట్టుకుంటాం. పిల్లకాయలు గూడా అయ్యే తాగేది.”

ఆవిడ నిటారుగా నిలబడి, సాంబశివరావుగారి వైపు తిరిగి, ఇందాకటి నుంచీ మీ ముగ్గురూ నా పెరటి కేసి దొంగల్లా చూస్తున్నారు, సంగతేమిటి అంది. ఆయన చెప్పక తప్పలేదు. బావిగట్టు మీద ఒక్క గంట పని, ఊరికి బోరు పడేదీ లేనిదీ దాని మీదే ఉంది, అన్నాడు. ఎవరు కూర్చుంటారని ఆవిడ అడిగింది. ఆయన నేలకేసి చూస్తూ నా పేరు చెప్పాడు.

ఆవిడ ఆ సీసాని ఇంకోసారి చూసింది. “కూర్చోనీ. నా బావి కడుక్కుంటే సరిపోతుంది. వాళ్ళకి కడుక్కోవటానికైనా ముందు బావి ఉండాలిగా.”

అయితే ఊరికే ఒప్పుకునే మనిషి కాదు, షరతు పెట్టింది. తన బావి దగ్గర కూర్చునేవాడు తడిబట్టతోనే కూర్చోవాలి. ఆ మెరిసే చొక్కా గడప ఇవతలే విప్పాలి. సాంబశివరావుగారు బుధవారం పట్టుపంచ కట్టుకున్న సంగతి నేను నోరు జారితే, ఆవిడ ఆయనకేసి జాలిగా చూసింది. “పట్టుది బద్ధకపు మడి, సాంబశివరావూ. అసలు మడి తడిబట్టే,” అంది. కాగితంలో పది పేరాల్లో రాసింది ఆవిడకి ముందే తెలుసు. కారణం మాత్రం వేరు.

శుక్రవారం పొద్దున ఏడింటికి, సాంబశివరావుగారి నూలుపంచ కట్టుకుని బావిగట్టు కింద నిలబడ్డాను. ఆవిడే గట్టు మీద నుంచి బొక్కెనతో తోడి నెత్తిన పోసింది. నాలుగో బొక్కెనకి చాలన్నాను, ఇంకో రెండు పోసింది.

ఇక్కడి నుంచి తరుగు తియ్యకండి. పని ఎట్లా చేశామో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. గట్టు మీద స్టూలు, దాని మీద తగరపు రేకు, రేకు మీద మీటరు. తొడుగు లేని రాగితీగ ఒకటి తీసుకుని మీటరు చట్రానికి, రేకుకి, నా ఎడమ మణికట్టుకి, పట్టకారుకి, కత్తెరకి కట్టాం. దాని చివర గిలక స్తంభానికి నాలుగు చుట్లు చుట్టి, మిగిలింది అరటి బురదలో పాతాం. అతికించటానికి కరెంటుతో వేడెక్కే ఇనుము వాడలేదు. తడి ఒంటితో దాన్ని పట్టుకుంటే ట్రాన్సిస్టరు బతికి నేను పోతాను. పైగా దాని నుంచి కారే కాస్త కరెంటుకి ట్రాన్సిస్టరూ పోతుంది. గిన్నెలకి మాటు పెట్టే పాతకాలపు రాగి ఇనుముని కుంపట్లో కాల్చి, మొన మరీ మొద్దుగా ఉందని లావు తీగ చుట్టి, ఆ తీగ కొసతో అతికించాను. దానికీ ఒక తీగ కట్టాం. నీటిచుక్క మీటర్లో పడకుండా చేతులు మోచేతుల దాకా పొడిగుడ్డతో తుడుచుకున్నాను. వెండికాగితం రేకు మీద పెట్టాకే విప్పాను. చుట్టు ముట్టుకోలేదు. ఒక కాలు అతికించి, అది చల్లారాక రెండోది.

దగ్గరికి వచ్చేవాళ్ళంతా తీగ పట్టుకోవాలని ఆఫీసరుగారు కచ్చితంగా చెప్పారు. రేకు కదలకుండా పుల్లయ్య ఒకవైపు, సాంబశివరావుగారు ఒకవైపు పట్టుకున్నారు. ముగ్గురిదీ ఒకటే తీగ. సాంబశివరావుగారు నాతో ఒక తీగ మీద ఉండటం ఆయన వాళ్ళావిడకి తెలియకూడదని ముందే మాట తీసుకున్నాడు. ఇన్నేళ్ళకి రాస్తున్నాను, ఆయన క్షమించాలి.

సూరమ్మగారు నాలుగు గజాల దూరంలో నిలబడి చూస్తోంది. చుట్టు తెంచే సమయానికి ఒక్క క్షణం తల ఎత్తాను. ఆవిడ ఎప్పుడు దగ్గరికి వచ్చిందో, మెడ సాచి చూస్తూ ఊతగా గిలక స్తంభం మీద చెయ్యి వేసి ఉంది. రాగితీగ చుట్లు సరిగ్గా ఆ చేతి కింద ఉన్నాయి. అంటే తీగ మీద ఇప్పుడు నలుగురం. నేను చూశాను. తల దించి కత్తెర నొక్కాను.

చిటుక్కుమనలేదు. స్విచ్చి వేస్తే ముల్లు చివరికి పోలేదు, సున్నా దగ్గర నిలబడి నీళ్ళలో తేలే ఆకులాగా సన్నగా ఊగింది. పుల్లయ్య, పలికిందా అని అడిగాడు. ఆఫీసరుగారు ఎంతో శ్రద్ధగా, “చానా బాగా,” అన్నారు.

జీపులో రెండు గంటల ప్రయాణం. ఆ మధ్యాహ్నం నిప్పులు చెరిగే నేల మీద మేకులు కొట్టి, వాటి మొదట్లో ఉప్పునీళ్ళు పోసి, నాలుగు వరసలు కొలిచాం. నైలాన్ ముసుగు అంతకుముందే నేను కుంపట్లో వేసేశాను. ఊరికి ఉత్తరాన, మునుపటి రెండు బోర్లకీ దూరంగా, వాగు పక్కన గీత కిందికి వంగింది. సాయంత్రం అయిదు దాటాక ఆఫీసరుగారు సంతకం పెట్టారు. రిగ్గు ఉండిపోయింది. ఆదివారం మధ్యాహ్నం ముందు పిండి లేచింది, తర్వాత బురద లేచింది, ఆ తర్వాత నీళ్ళు లేచాయి. ఎంత ఎత్తు లేచాయో చెప్పను, మీరు తరుగు తీస్తారు.

శుక్రవారం మేము జీపెక్కుతుండగానే సూరమ్మగారు బావి కడగటం మొదలుపెట్టింది. శనివారం నేను వరండా దాటాను, వెనక నీళ్ళు చల్లింది. తీగ మాత్రం విప్పించలేదు. గదిలో నుంచి కిటికీ గుండా దాన్ని నా బల్ల దాకా లాక్కుంటానంటే, బట్టలకి తగలకుండా లాక్కోమంది. ఆ క్యాంపు ఉన్నన్నాళ్ళూ నా బల్ల ఆ గిలక స్తంభానికి కట్టే ఉంది.

వారం తర్వాత పుల్లయ్య వచ్చాడు. అదే సీసా, కడిగి, కొత్త నీళ్ళతో నింపి తెచ్చాడు. ఆవిడ అరుగు మీద పెట్టమంది, అతను పెట్టి వెళ్ళాడు. నేను గదిలో పనిలో పడ్డాను. కాసేపటికి ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి, “ఉప్పు లేదోయ్,” అంది. ఉప్పు ఉందో లేదో చూస్తే తెలియదు, వాసనకీ తెలియదు. నేను బల్ల మీద నుంచి తల ఎత్తకుండా, అవునా మామ్మగారూ అన్నాను.

నాలుగేళ్ళ తర్వాత నన్ను హైదరాబాదు ట్రైనింగుకి పంపారు. అప్పటికి ఈ పనికి పద్ధతులు ఏర్పడ్డాయి, మణికట్టుకి పట్టీ, బల్ల మీద చాప. అక్కడ పాఠం చెప్పిన ఇంజనీరుని, మంచి తడినేల దొరకకపోతే ఎట్లా అని అడిగాను. తడినేల ఉంటే మంచిదే, అయితే ట్రాన్సిస్టరు బతకటానికి అది తప్పనిసరి కాదన్నాడు. మనిషీ, బల్లా, పనిముట్టూ, మీటరూ ఒక తీగతో కలిసి ఉంటే చాలు. అన్నిటి మీదా ఒకే వోల్టేజి ఉన్నప్పుడు దూకటానికి చోటుండదు. అంటే ఆ బావిగట్టు లేకుండా, మా గదిలోనే, మూరెడు తీగతో పని అయిపోయేది.

సూరమ్మగారికి నేను చెప్పని సంగతులు రెండు. స్తంభం మీద ఆవిడ చెయ్యి ఉండటం ఒకటి, ఇది రెండోది. సెలవుల్లో నరసరావుపేట వెళ్ళినప్పుడు చెబుదామని ఒకసారి నోటిదాకా వచ్చింది. అప్పటికే నేను వరండా దాటాను, ఆవిడ నీళ్ళ చెంబు కోసం లోపలికి వెళ్ళింది. మానేశాను.

మొన్న ఫోర్‌మన్‌గా రిటైరయ్యేదాకా నా దగ్గర పని నేర్చుకోవటానికి వచ్చిన ప్రతి మెకానిక్కుకీ మొదటిరోజు చెప్పింది మూడు ముక్కలు. నైలాన్, టెర్లిన్, పట్టు వేసుకుని బల్ల దగ్గరికి రావద్దు. కాళ్ళ చుట్టు అన్నిటికన్నా ఆఖర్న తియ్యాలి. దూరంగా పెట్టిన దాని నుంచే దెబ్బ తగులుతుంది, కలిపి కట్టిన దాని నుంచి తగలదు. దీంట్లో తరుగు లేదు.